తిరిగి తిరిగి పల్లవికే

క్షేత్రయ్య పదాలను, అంటే ఆయన కట్టిన శృంగార గేయాలను, ఒక ఆల్బంలా వరసగా వింటే, ప్రేమ వ్యామోహం మాటల్లో కంటే పాట నడకలోనే ఎక్కువగా పట్టుబడుతుంది. ఆ వ్యామోహానికి శాస్త్రం రాసిన గుట్టలకూ, దాన్ని పాడించుకున్న కోటకూ నడుమ ఇబ్రహీంపట్నం ఉంది.

తానే మాట కట్టి, తానే వరస కూర్చి, తానే పాడే కళాకారుణ్ణి దక్షిణాది సంగీత సంప్రదాయం వాగ్గేయకారుడు అంటుంది. వాక్కూ గేయమూ రెండూ ఒకే మనిషివి కావాలన్నది ఆ బిరుదుకున్న షరతు. అమెరికా పల్లెల్లో గిటారు మీద పెరిగిన కంట్రీ సంగీతం కూడా ఇరవయ్యో శతాబ్దంలో ఇంచుమించు ఇదే షరతు మీద తన గొప్ప గాయకుల్లో చాలామందిని ఎంచుకుంది. ఒకే మనిషి మీద పెట్టుకున్న తీరని ధ్యాసను ఆల్బం నిండా పాడటం ఆ గాయకులకు బాగా అలవాటైన పని. తెలుగులో అలాంటి ధ్యాసనే జీవితకాలపు వస్తువుగా చేసుకున్న వాగ్గేయకారుడు పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య. కృష్ణా జిల్లా మొవ్వ ఆయన ఊరని సంప్రదాయం చెబుతుంది, ఆ ఊరి గోపాలుడి పేరు, అంటే మువ్వగోపాల అన్నది, ఆయన పదాల్లో ముద్రగా, రచయిత సంతకంగా నిలిచింది. ఆయన జీవితం గురించి ప్రచారంలో ఉన్నదాంట్లో కథ పాలు ఎక్కువ. ఒక దేవదాసి మీద మనసు పడి, ఆమె కోసమే పాట నేర్చాడని చెప్పే ఆ కథను ఆదుర్తి సుబ్బారావు మొదలుపెట్టగా సి.ఎస్.రావు పూర్తి చేసిన ‘మహాకవి క్షేత్రయ్య’ చిత్రం 1976లో అక్కినేని నాగేశ్వరరావు రూపంలో జనానికి చూపించింది.

క్షేత్రయ్య సంచారానికీ హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద, నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇబ్రహీంపట్నానికీ నేరుగా ముడిపెట్టే ఆధారమేదీ అక్కరలేదు. ఈ ఊరి చుట్టుపక్కల నేల చరిత్రే ఆ పదాలు వినడానికి మంచి పీఠిక. రంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణానికి తూర్పున రాచకొండ గుట్టలు, వాయవ్యాన గోల్కొండ కోట ఉన్నాయి. ప్రేమలో మనిషి ఎన్ని మెట్లు దిగజారుతాడో లెక్కగట్టే సంప్రదాయానికి గ్రంథం రాసిన రాజు ఆ గుట్టల్లో ఏలాడు. ఆ దిగజారుడును పాటగా పాడించుకున్న కొలువు ఆ కోటలో నడిచింది. ఊరికి పేరిచ్చిన సుల్తానుకు ఒక తెలుగు కవి అంకితమిచ్చిన కావ్యం కూడా పిచ్చి ప్రేమలో పడి రాజ్యం మరిచిన రాజు కథే కావడం విశేషం.

గుట్టల మీది శాస్త్రం

పద్నాలుగో శతాబ్దం చివరి భాగంలో రాచకొండను ఏలిన రేచర్ల పద్మనాయక వంశపు సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరం’ అనే లక్షణ గ్రంథం రాశాడు. లక్షణ గ్రంథమంటే కావ్యాలు, నాటకాలు ఎలా ఉండాలో, వాటిలో భావం ఎలా పండుతుందో చెప్పే శాస్త్రం. రంజకోల్లాసం, రసికోల్లాసం, భావకోల్లాసం అనే మూడు భాగాలున్న ఆ గ్రంథం నాయికా నాయకులు ఎన్ని రకాలో, ఒక్కొక్కరి నడత ఏ సందర్భంలో ఎలా ఉంటుందో విడమరుస్తుంది. చేతిలో కత్తి పట్టుకుని కొండకోటలు కట్టుకున్న వంశంలోని రాజు, అలకకూ అసూయకూ మధ్య ఉన్న తేడా తేల్చడానికి ఇంత ఓపిక పట్టాడంటే, ఆ కొలువులో ఈ విషయానికున్న గిరాకీ ఎంతటిదో ఊహించవచ్చు.

అలంకార శాస్త్రం శృంగారాన్ని రెండుగా విడదీసింది: కలిసి ఉన్నప్పటిది సంభోగం, ఎడబాటులోది విప్రలంభం. రెండోదానికి భరతుడి నాట్యశాస్త్రం నాటి నుంచి పది అవస్థలు చెప్పే ఆనవాయితీ ఉంది. కావాలనుకోవడంతో మొదలై, దాన్నే ఆలోచించడం, తలపోత, ఎదుటి మనిషి గుణాలను పొగడటం, కుదురు లేకపోవడం, విలాపం, ఉన్మాదం, జబ్బు, చేష్టలు ఉడిగిపోవడం, చివరికి మరణం దాకా ఆ మెట్లు దిగుతాయి. పదో మెట్టును రంగస్థలం మీద చూపకూడదని శాస్త్రమే అడ్డుచెప్పింది. వైద్యుడి చీటీలా కనిపించే ఈ వరసలో కవులకు పనికొచ్చే చోటు నాలుగో మెట్టు, గుణకీర్తనం. పాట పుట్టేది అక్కడే. ఆ మెట్టు మీద ఉన్న మనిషికి మాట్లాడే తెలివి ఇంకా ఉంది, మాట మార్చే తెలివి మాత్రం పోయింది.

క్షేత్రయ్య నాయికలు ఎక్కువగా మూడో మెట్టుకూ ఆరో మెట్టుకూ మధ్యే తిరుగుతారు. వాళ్లెవరూ స్పృహ తప్పి పడిపోరు, అడవులు పట్టి పోరు. ఇంట్లో కూర్చుని, పక్కనున్న చెలికత్తెతో, నిన్నటి సంగతి ఇవాళా ఇవాళ్టి సంగతి రేపూ చెబుతూనే ఉంటారు. నిద్ర పట్టలేదన్న ఫిర్యాదు, అతను వస్తానన్న గడియ దాటిందన్న లెక్క, ఎదురింటి ఆవిడ నవ్విందన్న ఉక్రోషం వంటి చిల్లర వివరాలతోనే వాళ్ల వ్యామోహం నిండి ఉంటుంది. ఈ చిల్లరతనమే ఆ పదాలను శాస్త్రం చేతిలోంచి లాగి బతుకులోకి తెచ్చిందని చెప్పాలి. ఎందుకంటే ‘మర్లు పట్టిందా’ అని ఇరుగుపొరుగు అడిగే స్థితిలో ఉన్న మనిషి మాట్లాడేది తత్వం కాదు, గడియారం గురించి.

చెలికత్తె చోట శ్రోత

పదం కట్టడం తెలిస్తే వినడం సులువవుతుంది. పల్లవి అంటే పాటకు మూలమైన వాక్యం, ప్రతి భాగం తర్వాతా తిరిగి వచ్చేది. అనుపల్లవి దాన్ని అందుకుని కొంచెం విస్తరించేది. చరణాలు కథను, సందర్భాన్ని చెప్పేవి. క్షేత్రయ్య పదాల్లో ఇవి సాధారణంగా మూడు ఉంటాయి. నడక విలంబకాలంలో, అంటే బాగా నెమ్మదిగా సాగుతుంది. చాలా పదాలకు తాళం ఏడు మాత్రలది. మూడూ నాలుగూగా విరిగే ఆ నడకలో ఒక కాలు కొంచెం ఆగి పడుతున్నట్టుండే ఒరవడి ఎంత సేపు విన్నా కుదుటపడదు. ముఖారి, కాంభోజి, భైరవి, ఆనందభైరవి, హుసేని వంటి రాగాలు ఎక్కువగా వినిపిస్తాయి; ఘంటా రాగమైతే ఈ కాలం దాకా బతికి ఉన్నదే చాలావరకు ఈ పదాల పుణ్యమా అని.

ఈ కట్టడంలో ఒక విడ్డూరం ఉంది. క్షేత్రయ్య పదాన్ని పల్లవితో కాకుండా అనుపల్లవితో ఎత్తుకోవడం గాయకులలో పాతకాలపు ఆనవాయితీ. కృతికి గానీ కీర్తనకు గానీ అలవాటు పడిన చెవికి ఇది మొదట అయోమయంగా ఉంటుంది, ఎందుకంటే వాక్యం మధ్యలో తలుపు తెరిచినట్టు పాట మొదలవుతుంది. నాయిక అప్పటికే ఏదో అంటోంది, చెలికత్తె అప్పటికే వింటోంది, శ్రోత ఆలస్యంగా వచ్చాడు. ఆ అనుపల్లవి ముగిశాక పల్లవిలోకి దిగినప్పుడు గానీ అసలు గోడేమిటో తెలియదు. తెలిసిన తర్వాత ఇక దాని నుంచి విడుదల లేదు. చరణం ఎంత దూరం వెళ్లినా, పోయిన ఏడాది రాత్రికి వెళ్లినా, అతని కొత్త ఇష్టురాలి ఇంటి గుమ్మం దాకా వెళ్లినా, దారి మళ్లీ ఆ ఒక్క వాక్యం దగ్గరికే చేరుతుంది.

ప్రేమ వ్యామోహం అనే మాటకు సంగీతంలో ఇంతకంటే కచ్చితమైన రూపం దొరకడం కష్టం. మనసు ఒకే ఆలోచన చుట్టూ తిరగడాన్ని మాటల్లో వర్ణించడం ఒక పద్ధతి. పాటనే ఆ తిరుగుడుగా కట్టడం మరో పద్ధతి. క్షేత్రయ్య రెండోదాన్ని నమ్ముకున్నాడు. అందుకే ఆయన మాటలు చదివినప్పుడు తేలికగా, ఒక్కోసారి మామూలుగా అనిపించినా, పాడినప్పుడు బరువెక్కుతాయి. మొదటిసారి ఎత్తిపొడుపుగా వినిపించిన పల్లవి, మొదటి చరణం తర్వాత బతిమాలుడుగా మారుతుంది. రెండో చరణం తర్వాత అది ఎవరినీ ఉద్దేశించని గొణుగుడవుతుంది. మూడో చరణం తర్వాత అదే వాక్యం పాడుతుంటే, ఇంతకూ ఇందులో ప్రశ్న ఉందా, జవాబు ముందే తెలిసిన మనిషి అడుగుతున్నదా అని సందేహం కలుగుతుంది. అక్షరం మారలేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి దాని పక్క స్వరాల నీడ సోకేలా పలికే తీరు, అంతా చేసింది. నాట్యంలో ఈ మార్పును కళ్లు చూపిస్తాయి. తంజావూరు సంప్రదాయపు నర్తకి తంజావూరు బాలసరస్వతి (1918–1984) ఒకే పంక్తిని పదేపదే పట్టుకుని ప్రతిసారీ కొత్త అర్థం తెప్పించడంలో పేరుపొందగా, పక్కన కూర్చుని ఆ పంక్తిని పాడింది ఆమె తల్లి జయమ్మాళ్. కూతురు ముఖంలో భావం పండే దాకా పంక్తిని వదలకపోవడం ఆ తల్లి పని. ఆ ఇద్దరి మధ్యా పాట ఎంత సేపు ఆగితే అంత సేపు.

శ్రోత ఎక్కడ కూర్చోవాలన్నది కూడా పదమే నిర్ణయిస్తుంది. చాలా పదాల్లో నాయిక మాట్లాడేది మువ్వగోపాలుడితో కాదు, చెలికత్తెతో. అతను ఎదురుగా లేకపోవడమే పాటకు కారణం కాబట్టి, వింటున్నవారికి మిగిలిన స్థానం ఆ చెలికత్తెదే. చెలికత్తెకు సలహా చెప్పే అవకాశం ఉండదు. వెళ్లి అతన్ని పిలుచుకురావడం, లేదా కూర్చుని వినడం, ఈ రెండే ఆమె పనులు. కొన్ని పదాల్లో పిలవడానికి వెళ్లిన చెలికత్తే అతని చేతికి చిక్కిందన్న అనుమానం కూడా వస్తుంది. ఆ అనుమానం తగిలిన క్షణంలో, ఇంతసేపూ నిశ్చింతగా విన్న శ్రోతకు తన చోటు ఇరుకవుతుంది. ఒక గంట సేపు ఇలాంటి పదాలు వరసగా విని లేచిన మనిషికి అలసట రావడం సహజం. రాకపోతే పాడినవారు ఏదో తగ్గించి పాడారనుకోవచ్చు.

అలా వరసగా వినేటప్పుడు అలంకారికులు చెప్పిన ఎనిమిది రకాల నాయికల పట్టిక పనికొస్తుంది గానీ, దాన్ని పట్టుకుని వేలాడటం వినికిడిని చెడగొడుతుంది. అతని రాక కోసం ఇల్లు సర్దుకున్న వాసకసజ్జిక, ఆలస్యానికి కుమిలే విరహోత్కంఠిత, ఇతర స్త్రీ గుర్తులతో తెల్లవారి వచ్చిన వాణ్ణి నిలదీసే ఖండిత, తిట్టి పంపాక ఎందుకు తిట్టానా అని నొచ్చుకునే కలహాంతరిత వేర్వేరు మనుషులన్న భ్రమ పట్టిక కలిగిస్తుంది. ఆల్బంగా వింటే వీళ్లంతా ఒక్కతే. సాయంత్రం వాసకసజ్జిక, నడిరేయి విరహోత్కంఠిత, తెల్లవారుజామున ఖండిత, పొద్దెక్కాక కలహాంతరిత. మళ్లీ సాయంత్రానికి ఇల్లు సర్దుకోవడం మామూలే.

అందుకునే గొంతులు లేని పాట

పాటలో ఒక వాక్యం తిరిగి తిరిగి రావడం క్షేత్రయ్య కనిపెట్టింది కాదు, సంగీత శాస్త్రం కనిపెట్టిందీ కాదు. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం పల్లెల్లో బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు ప్రతి పాదం చివరా ‘ఉయ్యాలో’ అని అందుకోవడంలోనూ, వరినాట్లలో ఒకరు పాట ఎత్తితే వెనుకనున్న వరస అంతా అందుకోవడంలోనూ ఉన్నది అదే పని. తెలుగు జానపద గేయాల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తొలితరం పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు (1925–2010) ఈ పాటలను సేకరించి, వర్గీకరించి, వాటికి విద్యా ప్రపంచంలో చోటు ఇప్పించారు. ఆ పాటల్లో విరహం ఉంది, మగణ్ణి నమ్మి చెడిన ఆడదాని గోడు ఉంది, సవతి పోరూ ఉంది. కానీ ఒక గొంతు గోడు ఎత్తితే పది గొంతులు పల్లవిని అందుకుంటాయి కాబట్టి, బరువు పది భుజాల మీదికి పంచుకుపోతుంది. నాటు అయ్యేసరికి పాట కూడా అయిపోతుంది.

పదంలో అందుకునేవాళ్లు లేరు. పల్లవిని విడిచి వెళ్లేదీ ఆమే, తిరిగి వచ్చేదీ ఆమే. జానపదంలో సమూహపు పనిగా ఉన్న పునరుక్తిని క్షేత్రయ్య ఒంటరి మనిషి జబ్బుగా మార్చాడు, ఆయన అసలు ఘనత ఇదేనని వాదించవచ్చు. ఇప్పుడు యూట్యూబులో ‘లవ్ ఫెయిల్యూర్’ పాటలన్న పేరుతో వెల్లువెత్తుతున్న తెలంగాణ ప్రైవేటు జానపదాలు కూడా డప్పు, కోరస్ జానపదం నుంచి తీసుకుని, గోడు మాత్రం ఒంటరి గొంతుతోనే పాడుతున్నాయి. వాటిలో కొన్నింటి వరసలు నిజంగా బాగుంటాయి. అయితే ఎక్కువ పాటలు అమ్మాయి మోసం చేసిందని తీర్పు చెప్పి ముగిసిపోతాయి. తీర్పు చెప్పగలిగిన మనిషికి వ్యామోహం సగం వదిలినట్టే. మువ్వగోపాలుడి తప్పులన్నీ తెలిసిన నాయిక అతని మీద ఏ తీర్పూ చెప్పదు, చెప్పినా సాయంత్రం దాకా నిలబడదు.

నలభై రోజులు, పదిహేను వందల పదాలు

క్షేత్రయ్య తన పాటల లెక్క ఒక పదంలో తానే చెప్పుకున్నాడు. మధుర ఏలిన తిరుమల నాయకుడి కొలువులో 2,000, తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో 1,000, గోల్కొండ పాదుషా కొలువులో 40 రోజుల్లో 1,500 పదాలు కట్టానన్నది అందులోని సారం. ఆ పాదుషా 1626 నుంచి 1672 వరకు ఏలిన అబ్దుల్లా కుతుబ్ షా అని చరిత్రకారుల అభిప్రాయం. ఇప్పటికి దొరికినవి 400లకు లోపే. గోల్కొండ లెక్కను అక్షరాలా నమ్మితే రోజుకు సగటున 37 పదాలు పైనే తేలుతాయి. ఒకే స్త్రీ గోడును రోజుకు ముప్పై ఏడు విధాలుగా కట్టినవాడు తన సొంత బాధ పాడుకుంటున్నాడని అనుకోవడం కష్టం. గొప్పలు చెప్పుకోవడంలో అతిశయం ఉండవచ్చు. ఉన్నా కూడా, వ్యామోహం ఒక వృత్తి విద్యగా, కొలువుల మధ్య పోటీపడే సరుకుగా నడిచిన కాలం అదని ఆ పదం చెప్పకనే చెబుతోంది.

ఆ వృత్తిలో మాట మగవాడిది, గొంతు ఆడదానిది. క్షేత్రయ్య కట్టిన పదాలను తరాల తరబడి బతికించినవారు దేవదాసీ, కళావంతుల కుటుంబాల స్త్రీలు. ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో ఆ స్త్రీల కళను సంస్కర్తలు, చట్టాలు రెండువైపుల నుంచీ తరిమాయి. శృంగారం పాడిన స్త్రీ స్వరం మీద ఆ కాలపు చూపు ఎలాంటిదో తెలియాలంటే, కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికాసాంత్వనం’ సంగతి చాలు: 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని ప్రచురిస్తే ప్రభుత్వం నిషేధించింది, టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న రోజుల దాకా ఆ నిషేధం తొలగలేదు. క్షేత్రయ్య పదాల మీద నిషేధం పడలేదు. వాటిని పాడేవారి బతుకు మీద పడింది. చెన్నపట్నం జార్జిటౌన్‌లోని తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వీణ మీద పదాలు వినిపించిన వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనవరాళ్లు టి. బృంద, టి. ముక్త, బాలసరస్వతి లేకపోతే ఈ పదాల్లో చాలావాటి పాట పోయి మాట మాత్రమే మిగిలేది. తమిళ నేల మీద ఒక కుటుంబం తెలుగు పదాన్ని ఇలా కాపాడగా, తెలుగు నేల మీద విస్సా అప్పారావు, గిడుగు వెంకట సీతాపతి పాఠాలను సేకరించి పరిష్కరించారు, మంచాల జగన్నాథరావు స్వరాలతో సహా అచ్చువేయించారు.

గ్రామఫోను వచ్చి ఈ పాటకు మేలూ చేసింది, గండీ కొట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటులో ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. విలంబకాలంలో పాడే పదం నిండుగా రావాలంటే పది నిమిషాలైనా చాలదు. కాబట్టి చరణాలు రాలిపోయాయి. అనుపల్లవి, పల్లవి, వీలైతే ఒక చరణం మిగిలాయి. కచేరీల్లో చివరి భాగంలో పదాన్ని ఒక్క చరణంతో సరిపెట్టే అలవాటు కూడా ఇప్పుడు మామూలైపోయింది. వ్యామోహం గురించి పైన చెప్పినదంతా నిజమైతే, ఇది చిన్న కోత కాదు. మూడుసార్లు తిరిగి రావలసిన పల్లవి ఒక్కసారే తిరిగి వస్తే, శ్రోతకు మిగిలేది ఒక స్త్రీ అలక. మూడుసార్లు వస్తేనే అది వదలని ధ్యాస. 1948లో వచ్చిన లాంగ్‌ప్లే రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన ఇచ్చింది గానీ, అప్పటికే చెవి కురచ పదానికి అలవాటు పడిపోయింది.

ఆ లాంగ్‌ప్లేను అమెరికాలో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ వాడుకున్న తీరు ఇక్కడ గమనించదగ్గది. 1974లో వచ్చిన ‘ఫేజెస్ అండ్ స్టేజెస్’ ఆల్బంలో ఆయన ఒక పెళ్లి విడిపోవడాన్ని రికార్డు మొదటి వైపు భార్య గొంతుతో, రెండో వైపు భర్త గొంతుతో చెప్పాడు. పాటకూ పాటకూ మధ్య ఒకే చిన్న వరస మళ్లీ మళ్లీ వస్తుంది. అంటే పల్లవిని ఒక పాటలోంచి తీసి ఆల్బం మొత్తానికి పెట్టాడు. మగవాడు ఆడదాని గొంతుతో పాడటం, తిరిగి వచ్చే వాక్యం మీద కథను నిలబెట్టడం రెండూ క్షేత్రయ్య విద్యలే, ఒకరి గురించి ఒకరికి తెలిసే వీలు లేకపోయినా. తేడా ఒక్కటుంది. నెల్సన్ భర్తకు రెండో వైపు ఇచ్చాడు. మువ్వగోపాలుడికి క్షేత్రయ్య దాదాపుగా ఏ వైపూ ఇవ్వలేదు. అతని తరఫు మాట వినకపోవడం వల్లే అతను దేవుడో, ఊరి రసికుడో, డబ్బిచ్చిన రాజో తేలకుండా మూడూగా నిలిచిపోయాడు.

ఆ మరుసటి ఏడాది, 1975లో, నెల్సన్ ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ చేశాడు. వదిలి వెళ్లిన భార్యనూ ఆమె ప్రియుణ్ణీ చంపి దేశాలు పట్టి తిరిగే ఒక మతబోధకుడి కథ అది, అక్కడా ఒక వరస తిరిగి తిరిగి వస్తుంది. వ్యామోహానికి ఎదుటివాళ్లు ఏం మూల్యం చెల్లిస్తారన్న ప్రశ్న అందులో తుపాకీ రూపంలో వచ్చింది. క్షేత్రయ్య పదాల్లో ఈ ప్రశ్నే లేదు. అక్కడ నష్టపోయేది నాయిక ఒక్కతే, అదీ నిద్ర వరకు. ఇది ఆ పదాల అందమూ, వాటి హద్దూ.

పన్నెండేళ్ల కరువు

ఆ ప్రశ్నను సూటిగా ఎత్తుకున్న తెలుగు కావ్యం క్షేత్రయ్యకు సుమారు నూరేళ్ల ముందే గోల్కొండలో పుట్టింది. 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కక ముందు ఏడేళ్ల పాటు విజయనగరంలో అళియ రామరాయల నీడన తలదాచుకున్నాడు. తెలుగు కవిత్వం మీద మక్కువ అక్కడే కుదిరిందంటారు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఇబ్రహీంపట్నం ఆయన పేరు మీద వెలిసిన ఊరు, ఊరి పెద్ద చెరువు ఆయన ఏలుబడిలో తవ్వించినది. ఆయనకు అద్దంకి గంగాధర కవి అంకితమిచ్చిన కావ్యం ‘తపతీసంవరణోపాఖ్యానం’.

కథ మహాభారతం ఆదిపర్వంలోనిది. అర్జునుణ్ణి తాపత్యుడని పిలిచిన గంధర్వుడు ఆ పిలుపుకు కారణం చెబుతూ వినిపించినది. సూర్యభక్తుడైన సంవరణుడనే రాజు కొండల్లో వేటాడుతుండగా గుర్రం ఆకలిదప్పులతో చచ్చిపోతుంది. కాలినడకన తిరుగుతున్న రాజుకు సూర్యుడి కూతురు తపతి కనిపించి మాయమవుతుంది. అంతే, రాజు నేల మీద పడిపోతాడు. ఆమె తిరిగి వచ్చి, తన మీద తనకు హక్కు లేదనీ తండ్రిని అడగమనీ చెప్పి వెళ్తుంది. అతను మళ్లీ మూర్ఛపోతాడు. మంత్రి వచ్చి లేపితే, సేనను వెనక్కి పంపేసి ఆ కొండ మీదే చేతులు జోడించి నిలబడిపోతాడు. శాస్త్రం చెప్పిన మెట్లను ఈ రాజు క్షేత్రయ్య నాయికలకంటే వేగంగా దిగాడు. చివరికి పురోహితుడైన వసిష్ఠుడు సూర్యుడి దగ్గరికి వెళ్లి పిల్లను అడిగి తెచ్చి పెళ్లి చేస్తాడు.

సాధారణంగా ప్రేమకథలు ఆగిపోయే ఈ చోటు నుంచే భారత కథ బలం పుంజుకుంటుంది. రాజ్యభారం మంత్రికి వదిలేసి సంవరణుడు పన్నెండేళ్లు తపతితో కొండల్లోనే ఉండిపోతాడు. ఆ పన్నెండేళ్లూ అతని రాజ్యంలో ఇంద్రుడు వాన కురిపించడు. పంటలు పోతాయి, జనం ఆకలికి చిక్కి శల్యమై, ఇళ్లూ వాకిళ్లూ విడిచి దిక్కుకొకరుగా పోతారు. విరహం కాదు, తీరిన కోరికే కరువు తెచ్చింది. ఈ మలుపు ఏ పదంలోనూ లేదు. వర్షాధారపు దక్కను నేల మీద, చెరువులు తవ్వించడమే రాజుకు పెద్ద పేరు తెచ్చే చోట, గంగాధర కవి ఈ కథను ఏరి ఇబ్రహీం కుతుబ్ షా చేతిలో పెట్టడం తెలివైన పని, కొంత చొరవతో కూడిన పని కూడా. వినే రాజుకు ఇందులో పొగడ్తా ఉంది, హెచ్చరికా ఉంది.

దీనికి వసిష్ఠుడు చేసిన వైద్యం గమనించదగ్గది. తపతిని విడిచిపెట్టమని ఆయన రాజును అడగలేదు, వ్యామోహం తప్పని బోధించనూ లేదు; దంపతులిద్దరినీ కలిపే రాజధానికి వెంటబెట్టుకు వచ్చాడు, ఆపిన వానను ఇంద్రుడు మళ్లీ కురిపించాడు, ఆ ఇద్దరికీ పుట్టిన కొడుకు పేరు మీదే కురువంశం వెలిసింది.